గుడ్డులో ఎంఆర్ఎన్ఏ ముందే ఉంటే ప్రొటీన్ ఎందుకు తయారవదు? సీ అర్చిన్ డౌట్, కాస్త అర్జెంట్

నంగనల్లూరు_అమ్మ
అందరికీ నమస్తే అండీ. మా అమ్మాయి ఎమ్మెస్సీ జువాలజీ ఫస్టియర్, శుక్రవారం సెమినార్ ఇవ్వాలి, సముద్ర జీవుల పిండాల్లో తొలి గంటల్లో ప్రొటీన్ల తయారీ ఎలా కంట్రోల్ అవుతుంది అని టాపిక్. నేను బీకాం, నాకేం తెలీదు, కానీ అది రాత్రి పన్నెండు దాకా పుస్తకాలు ముందేసుకుని జుట్టు పీక్కుంటుంటే చూడలేక ఇక్కడ అడుగుతున్నా. దాని డౌట్ ఏంటంటే సీ అర్చిన్ అనే ముళ్లబంతి లాంటి సముద్రజీవి గుడ్డులో తల్లి ముందే ఎంఆర్ఎన్ఏ, అంటే ప్రొటీన్ ఎలా చెయ్యాలో రాసున్న చీటీలు, పెట్టేసి ఉంచుతుందంట, ఆ చీటీలు చదివి ప్రొటీన్ కట్టే రైబోజోములు బోలెడు ఉంటాయంట, ప్రొటీన్‌కి ముడిసరుకు అమైనో ఆమ్లాలూ ఉంటాయంట, మరి అన్నీ పెట్టుకుని ఆ గుడ్డు వీర్యకణం వచ్చేదాకా ఊరికే ఎందుకు కూర్చుంటుంది? వాళ్ల మేడమ్‌ని అడిగితే మాస్క్ అయి ఉంటుంది అంతే రాసుకో అన్నారంట. కరోనా మాస్కా అని నేనడిగితే నామీద పడి అరిచింది.

ఓఎమ్మార్_కోడర్
సింపుల్ ఆంటీ. కోడ్ మొత్తం సర్వర్ మీద పెట్టేసి ఉంది, ఫీచర్ ఫ్లాగ్, అంటే దాన్ని నడిపే స్విచ్, ఆఫ్‌లో ఉంది. స్పెర్మ్ వచ్చి ఆన్ చేస్తుంది. సెమినార్ అయిపోయింది 😀

వేళచ్చేరి_మాస్టారు
అంత తొందరగా అయిపోదు నాయనా. అమ్మా, నేను గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పి రిటైరై ఇప్పుడు వేళచ్చేరిలో కొడుకు దగ్గరుంటున్నాను. మీ అమ్మాయి ముందు ఒక మాట చెప్పి తీరాలి, అసలు ఆ ఎంఆర్ఎన్ఏ ముందే ఉందని ఎలా తెలిసింది అని. అది చెప్పకుండా మాస్కు గురించి మాట్లాడితే పునాది లేకుండా మేడమీద గది కట్టినట్టు.

1936లో ఎథెల్ బ్రౌన్ హార్వీ అనే ఆవిడ సీ అర్చిన్ గుడ్లను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పింది. గుడ్డు సాగి సాగి డంబెల్‌లా అయి రెండు ముక్కలవుతుంది, తేలిక ముక్కలో కేంద్రకం ఉంటుంది, బరువు ముక్కలో ఉండదు. ఆ కేంద్రకం లేని ముక్కని ఉప్పు ఎక్కువ కలిపిన సముద్రపు నీళ్లతో రెచ్చగొడితే అదీ చీలడం మొదలెట్టింది, తండ్రీ లేడు తల్లి కేంద్రకమూ లేదు, అయినా చాలాసార్లు చీలి అప్పుడు ఆగింది. తర్వాత 1960లలో ఆక్టినోమైసిన్ డి అనే మందు వాడారు, అది డీఎన్ఏ నుంచి కొత్త ఆర్ఎన్ఏ రాయనివ్వదు, ఆ మందులో ఉంచిన గుడ్లకి ఫలదీకరణ చేసినా కూడా ప్రొటీన్ తయారీ మామూలుగానే ఎగిసింది. కేంద్రకం లేని ముక్కలతోనూ అదే చూశారు. అంటే చదవాల్సిన చీటీలు అప్పటికే గుడ్డులో ఉన్నాయి, కొత్తగా ఎవరూ రాయట్లేదు.

మా రోజుల్లో తెలుగు మీడియం పుస్తకంలో డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ రాసే ట్రాన్స్‌క్రిప్షన్‌కి అనులేఖనం, ఆర్ఎన్ఏ చదివి ప్రొటీన్ చేసే ట్రాన్స్‌లేషన్‌కి అనువాదం అని ఉండేది, ఒక కుర్రాడు పరీక్షలో అనువాదం అంటే ఒక భాష నుంచి ఇంకో భాషకి మార్చుట అని పేజీన్నర రాశాడు. నేను ఒక మార్కు వేశాను, ఆలోచిస్తే వాడు రాసింది తప్పేం కాదు.

ఈసీఆర్_విజ్జి
అయ్యో సీ అర్చిన్ అంటే నా ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ మొత్తం కళ్లముందు తిరిగింది. పాపకి ఫోటోల్లో కాదు, నిజంగా ఎలా కనపడుతుందో చెప్తా అక్కా, సెమినార్‌లో మొదటి రెండు నిమిషాలు ఇది చెప్తే ఎవరూ ఫోన్ చూడరు.

కోవళం అవతల రాళ్ల దగ్గర జాలరి అన్నని బతిమాలి తెప్పించుకునేవాళ్లం, మూత పెట్టిన బకెట్‌లో సముద్రపు నీళ్లు పోసి బస్సులో తెచ్చేదాన్ని, కండక్టర్ లోపల ఏముందమ్మా అని మూత తీసి చూసి నల్ల ముళ్ల బంతులు కదుల్తుంటే ఠక్కున మూసేశాడు. ల్యాబ్‌లో నోటి పక్కన ఉండే మెత్తటి పొరలోంచి సిరంజితో పొటాషియం క్లోరైడ్ ద్రావణం ఎక్కిస్తాం, లోపల కండరాలు బిగుసుకుని ఒక నిమిషంలో పైన ఉన్న ఐదు రంధ్రాల్లోంచి బయటికి వచ్చేస్తుంది, పాల లాగా తెల్లగా వస్తే మగది, పసుపు నారింజ రంగు రవ్వలా కారితే ఆడది. ఆడదాన్ని సముద్రపు నీళ్లున్న బీకర్ మీద బోర్లిస్తే గుడ్లు సన్నటి దారాల్లా అడుగుకి దిగుతాయి. మగదాని వీర్యం నీళ్లు కలపకుండా ఐస్ మీద పెట్టాలి.

తర్వాత స్లైడ్ మీద ఒక చుక్క గుడ్లు, పల్చగా చేసిన వీర్యం ఒక చుక్క. నిమిషం తిరక్కుండా గుడ్డు చుట్టూ ఒక పొర లేచి నిలబడుతుంది, పూరీ పొంగినట్టు. అది చూసినప్పుడు నేను అరిచా, పక్క ల్యాబ్ వాళ్లు పాము అనుకుని వచ్చారు. ఆ పొర లేచిన గుడ్డులో లోపల ప్రొటీన్ తయారీ కొన్ని నిమిషాల్లోనే పెరగడం మొదలవుతుంది, అది మాత్రం కంటికి కనపడదు. చల్ల నీళ్ల జాతుల్లో మొదటి చీలిక గంటన్నర పడుతుంది, మన వెచ్చటి నీళ్లవి గంటలోపే చీలిపోయేవి.

ఒకసారి వేసవిలో డిపార్ట్‌మెంట్‌లో కరెంట్ పోయి ఏసీ ఆగి ఒక పూట గుడ్లన్నీ వేడికి పోయాయి, ఆ రోజు డేటా ఇప్పటికీ నా థీసిస్‌లో ఖాళీ గడి.

పూందమల్లి_రాజు
ఇవి తింటారు కదా? జపాన్ వాళ్లు.

ఈసీఆర్_విజ్జి
తింటారు అన్నా, వాళ్లు తినేది గుడ్లు అనుకుంటాం కానీ అది మొత్తం బీజకోశం, ఆడదైనా మగదైనా. టాపిక్ మార్చకండి దండం పెడతా.

తరమణి_పోస్ట్‌డాక్
లేటుగా చూశా. నేను కణాల్లో ట్రాన్స్‌లేషన్ మీదే పని చేస్తా, సీ అర్చిన్ మీద కాదు కానీ ఈ సబ్జెక్ట్ పుట్టింది సీ అర్చిన్‌లోనే కాబట్టి పేపర్లు అన్నీ చదవాల్సొచ్చింది. కోడర్ బ్రో, ఒక ఫ్లాగ్ కాదు, అదే అసలు విషయం. ఎన్ని బ్రేకులు ఉన్నాయో చూడండి.

మొదట లెక్క. ఫలదీకరణ కాని గుడ్డులో ఎంఆర్ఎన్ఏ మీద వరసగా ఎక్కి పనిచేస్తున్న రైబోజోములు ఒక శాతం కూడా ఉండవు, మిగతావన్నీ ఖాళీగా తిరుగుతుంటాయి. రెండు గంటల్లో అది ఇరవై శాతం దాకా వెళ్తుంది. దానికి తోడు ఎక్కిన రైబోజోమ్ చదివే స్పీడు కూడా రెండింతలకి పైగా పెరుగుతుంది. అంటే ఎక్కేవాళ్లూ పెరిగారు, బండి వేగమూ పెరిగింది.

స్పెర్మ్ తగిలాక జరిగేది రెండు దశలు. అర నిమిషంలోపే కాల్షియం ఒక అల లాగా గుడ్డు ఈ చివర్నుంచి ఆ చివరికి పోతుంది, విజ్జి గారు చెప్పిన పూరీ పొంగడం దాని పనే. తర్వాత గుడ్డు సోడియం లోపలికి తీసుకుని ఆమ్లం బయటికి తోసేస్తుంది, లోపల పీహెచ్ సుమారు 6.9 నుంచి 7.3 దగ్గరికి ఎక్కుతుంది. చిన్న అంకెలా ఉంది కానీ కణానికి అది చాలా పెద్ద మార్పు. ఇంట్రెస్టింగ్ ఏంటంటే స్పెర్మ్ లేకుండా గుడ్లని కొంచెం అమ్మోనియా కలిపిన సముద్రపు నీళ్లలో పెడితే లోపల పీహెచ్ పెరుగుతుంది, పొర లేవదు, కానీ ప్రొటీన్ తయారీ మాత్రం కొంతవరకు లేస్తుంది. పూర్తి స్థాయికి పోదు. అంటే పీహెచ్ కావాలి, అది ఒక్కటే చాలదు. మీ ఫ్లాగ్ సగం ఆన్ అవడం కుదురుతుందా బ్రో?

ఓఎమ్మార్_కోడర్
కుదరదు 😅 సరే ఒప్పుకున్నా. కానీ అసలు అడ్డు ఎక్కడుంది, చీటీ మూసేసి ఉందా లేక చదివే మెషిన్ ఆగి ఉందా? రెండూ వేరే బగ్గులు.

తరమణి_పోస్ట్‌డాక్
ఇది కరెక్ట్ ప్రశ్న, దీని మీద ఇరవై ఏళ్లు కొట్టుకున్నారు. మాస్క్ అయింది అనే మాట చీటీకి ఏవో ప్రొటీన్లు చుట్టుకుని రైబోజోమ్‌కి కనపడకుండా చేస్తున్నాయి అనే ఐడియా నుంచి వచ్చింది, 1960లలో రష్యాలో స్పిరిన్ అనే ఆయన చేప పిండాల్లో ఇలాంటి ఆర్ఎన్ఏ ప్రొటీన్ మూటల్ని చూసి వాటికి ఇన్ఫర్మోసోములు అని పేరు పెట్టాడు. ఇంకో పార్టీ ఏమో కాదు, మెషినరీయే తక్కువైంది అంటుంది.

సైదాపేట_పెళ్లివంట
నాకు సైన్స్ రాదబ్బా, మేం పెళ్లి వంటలు చేస్తాం, మాది గూడూరు పక్క, సైదాపేటలో పాతికేళ్లుగా ఉండాం. మీరందరూ చెప్పేది చదవతా ఉంటే నాకు మా పనే గుర్తొచ్చింది. ముందురోజు రాత్రికే సరుకు దిగిపోద్ది, కూరగాయలు తరిగేస్తాం, పప్పు నానతా ఉంటది, ఏయే ఐటమ్ ఎంతమందికి అనే చీటీ గోడకి అంటించుంటది, పదిమంది మనుషులు కాళ్లు చాపుకుని కూర్చోనుంటారు. కానీ మాస్టర్ వచ్చి పొయ్యి ముట్టిచ్చిందాకా ఒక్క చెమ్చా కదల్దు. పెళ్లికూతురు వాళ్ల నాయన టెన్షన్‌లో ఇంకో నాలుగు చీటీలు రాసి తెచ్చిచ్చినా ఏమీ కాదు, ఉన్న ఒక్క పొయ్యి మీద ఏదో ఒకటి అయ్యేది పోయి ఇంకోటి ఎక్కద్ది అంతే గదా, వంట మొత్తం ఏం పెరగదు.

తరమణి_పోస్ట్‌డాక్
అక్కా మీరు 1986 నాటి ఎక్స్‌పెరిమెంట్ చూడకుండానే చెప్పేశారు!! నిజంగా. బయటి నుంచి రెడీమేడ్ ఎంఆర్ఎన్ఏ తీసుకుని సీ అర్చిన్ గుడ్లలోకి సన్న సూదితో ఎక్కించారు. దానికి ఏ మాస్కూ లేదు, శుభ్రమైన చీటీ. దాని ప్రొటీన్ తయారైంది, కానీ గుడ్డు మొత్తం మీద ప్రొటీన్ తయారీ పెరగలేదు. అంటే కొత్త చీటీ పాత చీటీల చోటు లాక్కుంది. ఫలదీకరణ అయిన గుడ్డులో ఎక్కించినా అంతే, అమ్మోనియాతో లేపిన గుడ్డులో ఎక్కించినా అంతే. పొయ్యిలే తక్కువ, చీటీలు కాదు.

ఆ పొయ్యి దగ్గర ఏమవుతోందో కూడా చాలావరకు దొరికింది. ప్రతి ఎంఆర్ఎన్ఏకి తల మీద ఒక టోపీ ఉంటుంది, దాన్ని పట్టుకుని రైబోజోమ్‌ని పిలిచే ప్రొటీన్ పేరు ఈఐఎఫ్4ఈ. ఇదే మీ మాస్టర్ అనుకోండి. గుడ్డులో ఈ మాస్టర్ ఉన్నాడు, కానీ ఆయన చెయ్యి పట్టుకుని 4ఈ-బీపీ అనే ఇంకో ప్రొటీన్ కూర్చుంది, పెళ్లిలో బావమరిది మాస్టర్‌ని పట్టుకుని కబుర్లు చెప్తున్నట్టు. చెయ్యి ఖాళీ లేకపోతే పక్కన పనిచేసే మిగతా ఫ్యాక్టర్లు ఆయనతో కలవలేవు, పొయ్యి వెలగదు. ఫ్రాన్స్‌లో రోస్కాఫ్ అనే ఊళ్లో సముద్ర తీరం స్టేషన్ ఉంది, అక్కడివాళ్లు 2001 ప్రాంతంలో చూపించింది ఏంటంటే ఫలదీకరణ తర్వాత కొన్ని నిమిషాల్లోనే ఆ బావమరిది మాయం. చెయ్యి వదిలి పక్కకెళ్లడం కాదు, ముక్కలు చేసి పారేస్తుంది కణం. రాపామైసిన్ మందు వేస్తే ముక్కలవడం ఆగుతుంది, అంటే దీని వెనకాల ఎంటార్ అనే కంట్రోలర్ ఉన్నట్టు.

సైదాపేట_పెళ్లివంట
మా బావమరిదిని కూడా అట్టా చెయ్యాలని ఎన్నిసార్లు అనిపిచ్చిందో 🤣🤣

వేళచ్చేరి_మాస్టారు
పోస్ట్‌డాక్ బాబూ, నువ్వు చెప్పింది సీ అర్చిన్ వరకు ఒప్పుకుంటాను. కానీ మాస్కు మాట అంత తేలిగ్గా కొట్టిపారేయకు. ఆల్చిప్పల సంగతి చూడు. అమెరికా తూర్పు తీరంలో స్పిసులా అనే ఆల్చిప్ప ఉంది, దాని అండం ఫలదీకరణ అప్పటికి ఇంకా క్షయకరణ విభజన (క్రోమోజోములు సగమయ్యే విభజన) కూడా పూర్తి చేసి ఉండదు, పెద్ద కేంద్రకంతో కూర్చుని ఉంటుంది. అక్కడ వీర్యకణం తగలగానే ఏ ప్రొటీన్లు తయారవుతాయో ఆ జాబితానే మారిపోతుంది. అప్పటిదాకా జోరుగా చదివిన కొన్ని చీటీలు పక్కకి పోయి, అప్పటిదాకా ముట్టుకోని కొన్ని చీటీలు పైకొస్తాయి. 1980లో పరిశోధకులు చేసింది ఏమిటంటే, ఫలదీకరణకి ముందూ తర్వాతా ఆర్ఎన్ఏని ప్రొటీన్లన్నీ వదిలించి శుభ్రంగా తీసి టెస్ట్ ట్యూబులో చదివిస్తే రెండిట్లోనూ ఒకే ప్రొటీన్లు వచ్చాయి. శుభ్రం చేయకుండా కణద్రవంతో సహా చదివిస్తే ముందుదానికి ముందు జాబితా, తర్వాతదానికి తర్వాత జాబితా వచ్చింది. అంటే చీటీలు రెండు చోట్లా అవే, ఏది చదవాలి ఏది వద్దు అని చెప్పేది మాత్రం కణద్రవంలో ఉంది. దీన్ని పొయ్యిలు చాలకపోవడం అంటావా? ఇక్కడ మాస్కు అనక తప్పదు.

తరమణి_పోస్ట్‌డాక్
మాస్టారు, ఒప్పుకున్నా. స్పిసులా విషయంలో మీదే రైట్, అక్కడ కొన్ని చీటీల తోక దగ్గర ఒక గుర్తు ఉంటుంది, దాన్ని పట్టుకునే ప్రొటీన్ ఉంటుంది, టైమొచ్చేదాకా అదే నొక్కి పెడుతుంది, టైమొచ్చాక తోక పొడవు పెరిగి చీటీ పనిలోకి వస్తుంది. కప్ప అండంలోనూ అదే కుటుంబం ప్రొటీన్. కాబట్టి పాప సెమినార్‌లో మాస్క్ వర్సెస్ మెషినరీ అని ఒకదాన్ని గెలిపించొద్దు. ఏ జంతువు, అండం ఏ దశలో ఉంది అన్నది చూసి చెప్పాలి.

సైలెంట్_రీడర్_నేనే
మూడేళ్లుగా ఈ ఫోరం చదవడమే, ఇది మొదటి పోస్ట్. ఆ ఆల్చిప్పలో పైకొచ్చే చీటీల్లో సైక్లిన్ కూడా ఒకటి కదా? నోబెల్ వచ్చింది దానికేగా?

తరమణి_పోస్ట్‌డాక్
వెల్కమ్ బాస్! అవును, సైక్లిన్ ఒకటి, డీఎన్ఏ ముడిసరుకు తయారుచేసే రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్ అనే ఎంజైమ్‌లో ఒక భాగం ఇంకొకటి. సైక్లిన్ కథ అయితే ఈ టాపిక్‌కి గుండెకాయ, నేనే మర్చిపోయా.

టిమ్ హంట్ అనే ఆయన కణ విభజన మీద పనిచేసేవాడు కాదు, మనం మాట్లాడుకుంటున్న ఈ ప్రొటీన్ తయారీ కంట్రోలే ఆయన పని. 1982 ఎండాకాలంలో అమెరికాలో వుడ్స్ హోల్ అనే ఊళ్లోని సముద్ర జీవుల ల్యాబ్‌లో కోర్సు చెప్తూ ఆర్బేసియా అనే సీ అర్చిన్ గుడ్లలో రేడియోధార్మిక మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం కలిపి, కొద్ది కొద్ది నిమిషాలకి ఒక శాంపిల్ తీసి, ప్రొటీన్లు సైజును బట్టి విడివిడి గీతలుగా కనపడేలా జెల్ మీద నడిపాడు. మామూలుగా ఏం రావాలి, టైమ్ గడిచే కొద్దీ గీతలన్నీ నల్లబడుతూ పోవాలి, ఎందుకంటే తయారైన ప్రొటీన్ పోగవుతుంది. అన్నీ అలాగే నల్లబడ్డాయి, ఒక్క గీత తప్ప. అది ముదిరి ముదిరి, కణం చీలే ముందు ఠక్కున తేలిపోయింది. మళ్లీ ముదిరింది, మళ్లీ పోయింది. మొదట్లో అందరికంటే గట్టిగా తయారయ్యే ప్రొటీన్లలో ఒకటి, మరి కణం దాన్ని ప్రతిసారీ ఎందుకు పారేస్తోంది? దానికి సైక్లిన్ అని పేరు పెట్టి 1983లో అచ్చేశారు, 2001లో నోబెల్, హార్ట్‌వెల్, పాల్ నర్స్‌తో కలిపి. సైక్లిన్ పోగవడం వల్లే కణం విభజనలోకి దిగుతుంది, పోతేనే బయటికి వస్తుంది. అందుకే ఫలదీకరణ అవగానే ప్రొటీన్ తయారీని మందుతో ఆపేస్తే గుడ్డు చీలదు, డీఎన్ఏ అంతా రెడీగా ఉన్నా సరే.

నంగనల్లూరు_అమ్మ
నాకు కన్నీళ్లొస్తున్నాయండీ, ఇంతమంది ఇంత ఓపిగ్గా చెప్పారు. అమ్మాయి ప్రింట్ తీయించుకుంది. బావమరిది మాట సెమినార్‌లో చెప్పొచ్చా అని అడుగుతోంది.

వేళచ్చేరి_మాస్టారు
చెప్పనీ అమ్మా. కానీ పెళ్లి వంట పోలికతో ఇంకొకటి కూడా చెప్పమను, నాకు చాలా ఇష్టమైన సంగతి. చీటీలన్నీ వంటశాల గోడకే లేవు, ఒక రకం చీటీలు స్టోర్ రూములో పెట్టి తాళం వేసి ఉన్నాయి. డీఎన్ఏని చుట్టి పెట్టే హిస్టోన్ ప్రొటీన్లలో ఆల్ఫా రకం వాటి ఎంఆర్ఎన్ఏ గుడ్డు కేంద్రకం లోపలే ఉండిపోతుంది, రైబోజోములేమో బయట కణద్రవంలో ఉంటాయి. మొదటి విభజనకి కేంద్రక పొర విచ్చుకున్నప్పుడే అవి బయటికొచ్చి పనిలో పడతాయి. దానికి మాస్కూ లేదు, పొయ్యి సమస్యా లేదు, ఉత్త తలుపు. 1980ల మొదట్లో తెలిసింది ఇది.

నంగనల్లూరు_అమ్మ
నమస్తే సర్, నేను అమ్మ లాగిన్‌లో రాస్తున్నా, కూతుర్ని. ఒక డౌట్ సర్. హిస్టోన్ ఎంఆర్ఎన్ఏ కేంద్రకంలోనే ఉంటుంది అన్నారు. మరి మీరే మొదట్లో హార్వీ మేడమ్ కేంద్రకం లేని ముక్క కూడా చీలింది అని రాశారు. ఆ ముక్కలో హిస్టోన్ చీటీలు ఉండవు కదా, అప్పుడు ఎలా చీలింది? రెండింట్లో ఒకటి తప్పా?

ఓఎమ్మార్_కోడర్
దొరికిపోయారు మాస్టారు 🍿

వేళచ్చేరి_మాస్టారు
దొరకలేదు కానీ లేచి కూర్చున్నాను. తల్లీ, నువ్వు అడిగిన దాంతోనే వాళ్లు దాన్ని నిరూపించారు! గుడ్లని తిప్పి కేంద్రకం లేని ముక్కలు తీసి వాటిలో వెతికితే మామూలు ఎంఆర్ఎన్ఏలు ఉండాల్సినంత ఉన్నాయి, ఈ హిస్టోన్‌వి మాత్రం దాదాపు లేవు. అలాగే తెలిసింది ఇవి కేంద్రకంలో దాక్కున్నాయని. ఇక ఎలా చీలింది అంటావా, హిస్టోన్ దేనికమ్మా? డీఎన్ఏని చుట్టడానికి. ఆ ముక్కలో చుట్టడానికి కేంద్రకం డీఎన్ఏనే లేదు. చీలడానికి కావాల్సినవి మిగతా చీటీలు, అవి కణద్రవంలో ఉన్నాయి.

తరమణి_పోస్ట్‌డాక్
ఒకటి కలుపుతా. మామూలు గుడ్డులో కూడా ఆ మొదటి గంటకి హిస్టోన్ కొరత రాదు, మొదటి చీలికలకి సరిపడా వేరే రకం హిస్టోన్లు ప్రొటీన్ రూపంలోనే గుడ్డులో నిల్వ ఉంటాయి. తాళం తీసేదాకా ముందు దంచి పెట్టుకున్న పొడి వాడుకున్నట్టు.

సైదాపేట_పెళ్లివంట
పాపా నీ సెమినార్ ఎప్పుడన్నావు, శుక్రవారమా? మైలాపూర్‌లో మాకు శుక్రవారం పొద్దున ముహూర్తం వంట ఉండాది, పదికల్లా అయిపోద్ది. మీ అమ్మని నాకు మెసేజ్ పెట్టమను, దోవలోనే కాబట్టి మీ క్లాసోళ్లకి ఒక డబ్బా పులిహోర దింపి పోతా.

ఈసీఆర్_విజ్జి
పాపా, బతికున్న అర్చిన్ చూపించాలనుంటే చెప్పు, ఆ జాలరి అన్న నంబర్ ఇంకా నా ఫోన్‌లో ఉంది. బకెట్ మాత్రం నువ్వే తెచ్చుకో, గట్టి మూత ఉన్నది.